జెర్రిపోతు అడిగిన సెలవు

పాము మంచిదా చెడ్డదా అన్న చర్చకు నేను దిగను. ఒక జెర్రిపోతు కొలువు గురించి మాత్రమే చెబుతాను.

ఇప్పలవాగు అడవిలో దుప్పులు, కుందేళ్ళు, ఉడతలు, అడవికోళ్ళు ఉండేవి. వెదురు పండిన ఏడు అవన్నీ వెదురు బియ్యం ఏరి, వేసవి కోసం ఒక గుహలో దాచుకున్నాయి. ఎలుకలు రాకుండా జెర్రిపోతును కావలి పెట్టుకున్నాయి. జీతం కింద చల్లని పుట్ట, కడుపునిండా తిండి. పెత్తనం పెద్దకొమ్ముల దుప్పిది.

కొన్నాళ్ళకు జెర్రిపోతు కళ్ళు మసకబారాయి. కుబుసం విడిచే వేళ వచ్చిందని, అది పూర్తయ్యేదాకా పుట్టలో పడుకుంటానని, ఆ రోజులకు తిండి తగ్గించవద్దని దుప్పిని వేడుకుంది.

"కుబుసం నీ సొంత వ్యవహారం. దానికి కొలువు తిండి పెట్టదు," అంది దుప్పి.

"నిరుడు తమరు కొమ్ములు రాల్చి పొదలో పడుకున్నప్పుడు మేత మేమే మోశాం కదా, దొరా?"

"నాది విశ్రాంతి. నీది సోమరితనం. పడుకోవాలంటే పుట్ట ఖాళీ చేసి వెళ్ళు."

పుట్ట పోతే తలదాచుకునే చోటు లేదు. జెర్రిపోతు చూపు ఆనకపోయినా గుహ వాకిట చుట్ట చుట్టుకుంది.

తొలిరోజు ఎలుకలు దూరం నుంచే చూశాయి. మరునాడు ఒక ముసలి ఎలుక దాని తోక మీదుగా నడిచింది.

"ఏం మామా, కళ్ళలో పాలు పోసుకున్నావా?"

జెర్రిపోతు అలికిడి తగిలిన వైపు విసురుగా మూతి చాచింది. మూతి రాతికి తగిలి చిట్లింది. కుబుసం ముక్కలుగా చిరిగి, ఒక కంటి మీద అతుక్కుపోయింది. ఎలుకలు గుహలోని బియ్యమంతా ఊడ్చుకుపోయాయి.

పనికిమాలినదని తిట్టి దుప్పి దానిని వెళ్ళగొట్టింది.

వాగు అవతల ఇలాంటి బియ్యం కొట్టుకే ఒక ముసలి ఏదుపంది పెద్ద. జెర్రిపోతు అక్కడికి పాకుతూ పోయి పని అడిగింది. ఏదుపంది దాని కంటిని చూసింది.

"ముందు తడినాచులో పడుకో. అందాకా గుడ్లగూబ కాస్తుంది. తిండి నీ దగ్గరికే వస్తుంది."

"పని చేయకుండానే తిండా, అవ్వా?"

"నా ముళ్ళూ రాలతాయి, నాయనా. మా దగ్గర కొలువంటే సెలవుతో కలిపే."

జెర్రిపోతు కోలుకుంది. పాడైన కన్ను మాత్రం తేటపడలేదు. అయినా అది కాసిన కొట్టులోకి ఒక్క ఎలుకా దూరలేదు.

వేసవి ముదిరేసరికి ఇవతలి గట్టున అన్నీ ఆకలితో అలమటించాయి. జెర్రిపోతు అడిగిందని ఏదుపంది వాటి పిల్లలకు కొంత బియ్యం పంపింది. అప్పుడే దుప్పికి కొమ్ములు రాలాయి. పొదలోకి మేత మోసే ఓపిక ఎవరికీ లేదు. దుప్పి మోదుగాకు మీద ఉత్తరం రాసి గోరింకతో పంపింది: "తక్షణం కొలువులో చేరవలెను. సెలవు విషయం తరువాత ఆలోచించగలము."

జెర్రిపోతు ఉన్న ఒక్క కంటితో దానిని చదివింది. ఆకును పక్కన పెట్టి కావలికి వెళ్ళింది. ఆ ఉత్తరానికి అది ఎన్నడూ బదులు రాయలేదు.

నీతి: పనివాడి విశ్రాంతిని కాజేసినవాడు పనినీ, పనివాడినీ కూడా పోగొట్టుకుంటాడు.