కోళ్ళ కాళ్ళు కడిగిన తవిటమ్మ

దుప్పటి కాళ్ళ దాకా లాక్కో చిట్టీ. ఆ దిండు ఇలా ఇయ్యి, నా నడుంకి పెట్టుకుంటాను. ఊఁ, ఇంక ఊఁ కొట్టు.

అనగనగా నాగావళి ఏటికి అవతల, జీడితోటల వెనకాల, ముప్పై గడపల ఊరొకటి ఉండేది. ఆ ఊరికి తవిటమ్మ అనే పిల్ల కోడలిగా వచ్చింది.

ఆ పేరేంటని నవ్వకు. ఆమెకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. తవుడుకి అమ్మేస్తే దక్కుతుందని నమ్మి, ఈమె పుట్టగానే వాళ్ళమ్మ చేటెడు తవుడు తీసుకుని పిల్లని పక్కింటావిడ చేతుల్లో పెట్టేసింది. మర్నాడు వెళ్ళి మళ్ళీ అడిగి తెచ్చుకుంది. అలా తవిటమ్మ అయింది. బతికింది. గట్టిపిల్లయింది.

కాపరానికొచ్చిన రోజున ఎడ్లబండి దిగుతూ ఒడిలో ఒక చుక్కలపెట్టని పెట్టుకుని దిగింది. వాళ్ళమ్మ ఇచ్చిన పెట్ట. అత్తగారు సూరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పెట్ట బాగుంది, గూట్లో వదులు" అంది. అంతే. సూరమ్మ ఎవరినీ మెచ్చుకుని ఎరగదు. ఆవిడకి గొంతు మాత్రం పెద్దది. పెరట్లో కేకేస్తే ఏటి అవతలి గొడ్లు కూడా తలెత్తి చూసేవి.

వాళ్ళింట్లో అప్పటికే ఎనిమిది పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. చుక్కలపెట్టతో కలిసి పది. ఇంట్లోకి గుడ్లు వాటివే. చుట్టం వస్తే కూరా వాటిదే.

అప్పుడు ఏమైందంటే, వానలు తగ్గాక ఒకరోజు పుంజు కుంటింది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నారు. ఆ తర్వాత ఒక పెట్ట కుంటింది. ఆ తర్వాత చుక్కలపెట్ట గూడు దిగడమే మానేసింది.

తవిటమ్మ దాన్ని ఎత్తుకుని చూసింది. కోడి కాళ్ళ మీద పొలుసులుంటాయి చూడు, చేపకి ఉన్నట్టు, నున్నగా వరసగా? అవన్నీ లేచి నిలబడ్డాయి. వాటి కింద సున్నం మెత్తినట్టు తెల్లటి పక్కు. వేళ్ళు లావెక్కి ముడుచుకోవడం లేదు.

"గాలి సోకింది" అంది పొరుగింటి అంకాలు. "అమ్మవారికి ఏటో తక్కువ చేసుంటారు" అన్నారు ఇంకొకరు.

సూరమ్మ ఇవేవీ వినలేదు. "కిరసనాయిలు తే" అంది. బుడ్డి వంచి కోళ్ళ కాళ్ళకి పట్టించింది. పాపం, అవి రెక్కలు కొట్టుకుంటూ పెరడంతా పరిగెత్తాయి. మర్నాటికి కాళ్ళు ఎర్రగా కాలి బొబ్బలెక్కాయి.

అప్పుడు అంకాలు వచ్చి, "ఆ పక్కు గీకేస్తే పోద్ది" అని కత్తిపీట దగ్గర కూచుని రెండు కోళ్ళకి గీకింది. నెత్తురు కారింది. ఆ రెండూ మేత ముట్టుకోలేదు. అందులో ఒకటి మూడో రోజున చచ్చిపోయింది.

తవిటమ్మ దాన్ని బూరుగు చెట్టు కింద పాతిపెట్టి, చేతులు కడుక్కోకుండా అలాగే కూచుండిపోయింది.

సూరమ్మ చెప్పేసింది. "మూడు సంతలు చూస్తానే కోడలా. మూడో సంతకి కూడా ఇలాగే కుంటుతుంటే అన్నిటినీ గంపకెత్తి అమ్మేస్తాను. కళ్ళెదుట చావడం నాను చూడలేను."

తవిటమ్మ ఆ రోజు నించి కోళ్ళని చూడ్డం మొదలుపెట్టింది. ఎలా చూసిందనుకున్నావు? పొద్దున గూడు తెరిచేటప్పుడు చూసింది. మధ్యాహ్నం పెంట మీద గీరుకునేటప్పుడు చూసింది. సాయంత్రం గూడెక్కేటప్పుడు చూసింది.

అలా చూడగా చూడగా ఒక సంగతి కనిపెట్టింది. వాళ్ళకి ఒక నల్లపెట్ట ఉంది. దానికి కాళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎక్కడా పక్కు లేదు. తినేది ఆ మేతే, తాగేది ఆ నీళ్ళే. మరి దీనికి ఎందుకు రాలేదు?

నల్లపెట్ట గూట్లో పడుకోదు! వంటింటి అటక మీద పడుకుంటుంది. మొదట్నించీ దానికదే అలవాటు.

"అత్తా, గాలీ కాదు, అమ్మవారూ కాదు" అంది తవిటమ్మ. "గూట్లో ఆ కర్ర మీద అన్నీ పక్కపక్కన కూచుంటున్నాయి కదా. ఒకదాని కాళ్ళ నించి ఇంకోదాని కాళ్ళకి ఏదో పాకుతోంది."

"ఏటి పాకుతోందే? నాకేం కనబళ్ళేదు" అంది సూరమ్మ.

"నాకూ కనబళ్ళేదు. కనబడేవాళ్ళని అడిగొస్తాను."

చుక్కలపెట్టని గంపలో పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పుకుని, నాలుగు మైళ్ళు నడిచి పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. తలుపుకి తాళం. డాక్టరు గొడ్లకి సూదిమందు వెయ్యడానికి ఊళ్ళ మీదకి వెళ్ళాడట. తిరిగొచ్చింది.

ఇంకో రోజు మళ్ళీ బయల్దేరింది. దారిలో ఉన్న గెడ్డ, అదే వాగు, ఎగువ వానకి పొంగింది. నడుం దాకా దిగి, గంప తడుస్తోందని వెనక్కొచ్చేసింది. ఈలోగా ఒక సంత అయిపోయింది.

మూడోసారి వెళ్ళింది. ఈసారి డాక్టరున్నాడు. కుర్రవాడు, కళ్ళజోడు. ఆవులకీ గేదెలకీ కట్టు కట్టే చోట కోడిని ఎత్తుకుని నిలబడ్డ తవిటమ్మని చూసి అక్కడున్నవాళ్ళు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. పక్కులోంచి రవ్వంత తీసి గాజుముక్క మీద పెట్టి, భూతద్దం చేతికిచ్చాడు.

"చూడమ్మా."

చూసింది. గుండ్రటి పురుగులు. ఆవగింజలో పదో వంతుండవు. కదులుతున్నాయి.

"పొలుసు కింద బొరియలు తవ్వుకుని ఉంటాయి. కూచునే కర్ర మీద నించి ఒక కోడి నించి ఇంకో కోడికి ఎక్కుతాయి" అన్నాడు డాక్టరు.

తవిటమ్మ భూతద్దం దించింది. తను అనుకున్నదే! నల్లపెట్ట సంగతి చెప్పింది. డాక్టరు కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు. "ఇది నీ అంతట నువ్వే కనిపెట్టావా? నేను పుస్తకాల్లో చదువుకుని తెలుసుకున్నానమ్మా" అన్నాడు.

ఆ తర్వాత వైద్యం చెప్పాడు. కిరసనాయిలు వద్దు. గీకడం వద్దు. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో కాళ్ళు కాసేపు నాననివ్వాలి. మెత్తబడ్డాక పాత పళ్ళబ్రష్షుతో మెల్లిగా రుద్దాలి. ఊడినంత ఊడుతుంది, ఊడనిది లాక్కూడదు. గుడ్డతో తడి లేకుండా ఒత్తాలి. అప్పుడు నూనె పట్టించాలి, పొలుసు పొలుసు కిందకీ పోయేలా. నూనెలో ఆ పురుగులకి ఊపిరాడదు. కుంటే కోళ్ళకే కాదు, బాగున్నవాటికీ చెయ్యాలి. వారానికి రెండుసార్లు, నెల రోజుల పాటు.

"గూడు కూడా కడగాలి. అప్పటికీ తగ్గకపోతే తీసుకురా, మందిస్తాను" అన్నాడు.

ఇంటికొచ్చింది. కొంగు బిగించింది. గూట్లో గడ్డి మొత్తం తీసి తగలబెట్టింది. పాత కర్ర పొయ్యిలో పెట్టేసి కొత్త కర్ర కట్టింది. గోడ నెర్రెల్లో మరిగే నీళ్ళు పోసింది. పైన సున్నం కొట్టింది. మూలన చల్లారిన బూడిద, పొడిమట్టి కలిపి కుప్ప పోసింది. అందులో పొర్లితే ఈకల్లో పేలు కూడా పోతాయి కదా, అందుకు.

ఆ తర్వాత చుక్కలపెట్టని ఒళ్ళో కూచోబెట్టుకుంది. నీళ్ళు మణికట్టు మీద పోసుకుని చూసుకుంది, నీకు స్నానానికి మీ అమ్మ చూస్తుందే, అలాగ. దాని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. మొదట తన్నుకుంది. ఆ తర్వాత ఊరుకుంది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని కునికింది!

ఊరు ఊరంతా నవ్వింది. "సూరమ్మ కోడలు కోళ్ళకి నలుగు పెడుతోందర్రా" అన్నారు. సూరమ్మకి తల కొట్టేసినట్టయింది. మొహం తిప్పుకుని పొలానికి వెళ్ళిపోయింది.

రెండో సంత వచ్చింది. కోళ్ళ కాళ్ళు చూడ్డానికి ఇంకా అలాగే ఉన్నాయి. చుక్కలపెట్టకి ఒక వేలు కొస ఎండిపోయి రాలిపోయింది కూడా. తవిటమ్మ ఆ రోజు చాటుకెళ్ళి ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, వచ్చి మళ్ళీ నీళ్ళు కాచింది.

మర్నాడు పుంజుకి కాళ్ళు కడుగుతుంటే అది విదిలించుకుంది. ఎవరో వెనకనించి దాని రెక్కలు ఒడిసి పట్టుకున్నారు. చూస్తే సూరమ్మ.

"కడుగు" అంది. పుంజుని ఒడిలోకి అదుముకుని, "నానే కదా వీటి కాళ్ళు కాల్చింది" అంది. ఆ మాట మాత్రం చాలా చిన్న గొంతుతో అంది.

మూడో సంత నాటి పొద్దున సూరమ్మ గంప పట్టుకుని గూడు దగ్గర కూచుంది. ఒక్కొక్క కోడినీ పట్టుకుని కాళ్ళు తడిమింది. పక్కు పెచ్చులుగా లేస్తోంది. దాని అడుగున కొత్త పొలుసు, లేత పసుప్పచ్చగా, నున్నగా! తొమ్మిదింటినీ చూసింది. తొమ్మిదింటినీ వదిలేసింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని, "ఉల్లిపాయలు తెస్తాను" అని సంతకి వెళ్ళిపోయింది.

అయిపోయిందనుకున్నావా? కాలేదు. ఊరి కోళ్ళన్నీ ఒక్క పెంట మీదే గీరుకుంటాయి కదా. మిగతా ఇళ్ళ కోళ్ళు అప్పటికే కుంటుతున్నాయి. తవిటమ్మ ఆలోచించింది. మనవొక్కటే బాగుపడితే ఎన్నాళ్ళు? ముప్పై గడపలూ ఒక్కరోజే మొదలెట్టాలి.

అప్పుడు సూరమ్మ గొంతు ఊరికి పనికొచ్చింది. వీధి మధ్యలో నిలబడి ఒక్క కేకేసింది. "ఒలే, ఆదివారం పొద్దున్న ఎవరి కోళ్ళని వాళ్ళు గూట్లోనే మూసి ఉంచండి! మా కోడలు ఎలా చెప్తే అలా చెయ్యాలి!"

చిట్టీ, ఆ ఆదివారం చూడాలి ఆ ఊరిని! ప్రతి అరుగు మీదా ఒక మనిషి, ప్రతి ఒళ్ళో ఒక కోడి, ప్రతి కోడికీ ఒక తప్పేలా. నవ్వినవాళ్ళందరూ వరసగా కూచుని కోళ్ళ కాళ్ళు కడుగుతున్నారు. అంకాలు అందరికంటే మెల్లిగా రుద్దింది.

ఒక్క ఇంటి తలుపు మాత్రం తెరుచుకోలేదు. అది దాలయ్య తాతది. ఒంటిగాడు. ఆయనకొక్క ఎర్రపుంజే తోడు. తవిటమ్మ వెళ్ళి పిలిచింది. "నా పుంజు జోలికి రాకండి" అన్నాడు. రెండోసారి పిలిచింది. పలకలేదు. మూడోసారి దడి సందులోంచి చూసింది.

తాత పెరట్లో గిన్నెడు వేణ్ణీళ్ళు పెట్టుకుని, పుంజుని పట్టుకోబోతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. పట్టు జారిపోతోంది. నీళ్ళు ఒలికిపోయాయి. పుంజు ఎగిరిపోయింది. తాత తువ్వాలు కింద చేతులు దాచుకుని నేల మీద కూలబడ్డాడు. ఆ వణుకు ఊళ్ళో ఎవరి కళ్ళా పడకూడదని ఇన్నాళ్ళూ దాచుకుంటున్నాడు పాపం.

తవిటమ్మ దడి తోసుకుని లోపలికెళ్ళింది. పుంజుని పట్టుకుంది. కాళ్ళు కడిగింది, తుడిచింది. అప్పుడు నూనెగిన్నె తాత ముందు పెట్టింది.

"నాను రాయలేనమ్మా. చెయ్యి వణుకుద్ది."

"వణకనీ తాతా. వణికే చెయ్యే మంచిది. నూనె అన్ని పొలుసుల్లోకీ దానంతటదే దిగుతుంది" అంది తవిటమ్మ.

తాత రాశాడు. నిజంగానే బాగా దిగింది. చెయ్యి వణుకు సంగతి తవిటమ్మ బయటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. "తాత తన పుంజుకి తనే నూనె రాసుకున్నాడు" అని మాత్రం అంది. అబద్ధం కాదు కదా?

నెల తిరిగేసరికి ఆ ఊళ్ళో కుంటే కోడి లేదు. డాక్టరు ఒకరోజు సైకిలేసుకుని చూడ్డానికి వచ్చి, పెంట మీద పరుగులు తీసే ఆ కోళ్ళన్నిటినీ చూసి, తవిటమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రం తవిటమ్మ అన్నం వడ్డిస్తుంటే సూరమ్మ ఆమె చేతులు చూసింది. నెల రోజులు సబ్బునీళ్ళలో నాని, వేళ్ళ సందులన్నీ పగిలిపోయి ఉన్నాయి. అంతమందీ కోళ్ళ కాళ్ళే చూసుకున్నారు గాని ఆ చేతులు ఎవరూ చూడలేదు.

సూరమ్మ కంచం పక్కకి జరిపింది. లేచి వెళ్ళి నూనెగిన్నె తెచ్చింది. కోడలిని ఎదురుగా కూచోబెట్టుకుంది. ఆ రెండు చేతులూ తన ఒళ్ళో పెట్టుకుంది. వేలు వేలుకీ, సందు సందుకీ, మెల్లిగా నూనె రాసింది.

చిట్టీ, అలా రాస్తూ కూచుంది. అన్నం చల్లారిపోయింది. ఇద్దరూ లేవలేదు.

కోడి గూటికి, కూత తెల్లారికి,
కథ కంచికి, కన్ను నిద్దరకి,
నువ్వు నా ఒడికి.