చంద్రుడి వంకర చక్రం

అనగనగా ఒక రాజు ఉండేవాడు. కాస్త జరిగి కూర్చోండి, ఆ ఇత్తడి పొడిలో కూర్చుంటే మీ అమ్మ నన్ను తిడుతుంది. ఆఁ, ఒక రాజు. రత్నగిరి ఆయన రాజ్యం. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు. పెద్దవాడు రణధీరుడు, కత్తి తిప్పేవాడు. రెండోవాడు రణశూరుడు, గుర్రం ఎక్కేవాడు. మూడోవాడు పుట్టేసరికి రణాలన్నీ అయిపోయాయి కాబోలు, వాడికి కుశలుడని పేరు పెట్టారు. వాడు పొద్దున్న లేస్తే కంచరి వీధికి వెళ్ళి కూర్చునేవాడు.

కథలు చెప్పేవాళ్ళంతా కత్తుల సంగతే చెప్తారు. ఆకురాయి సంగతి ఎవరూ చెప్పరు. నేను కంచరివాణ్ణి గనక నేను చెప్తాను. ఇత్తడిని ఆకురాయితో రాస్తుంటే గోళ్ళ కింద నల్లటి మసి చేరుతుంది. ఎంత తోమినా పోదు. ఇదిగో, నా గోళ్ళు చూడండి. ఆ రాకుమారుడి గోళ్ళూ ఇలాగే ఉండేవి. రాణిగారు భోజనాల దగ్గర వాటిని చూసి, "ఈ గోళ్ళు చూస్తే నీకు పిల్లనెవరిస్తార్రా నాయనా" అని రోజూ బాధపడేది.

వాడికి పని నేర్పినవాడు సూరాచారి. ఆయన కొలిమిలో ఒక కట్టుబాటు ఉండేది. వేరొకరు చేసిన వస్తువు బాగుకి వస్తే, విరిగింది అతకొచ్చు, అరిగింది నింపొచ్చు. వంకరగా కనిపించినదాన్ని మాత్రం, చేసినవాణ్ణి అడగకుండా ముట్టుకోకూడదు. "అది వాడి తప్పో, వాడి తెలివో నీకు తెలీదు కదయ్యా" అనేవాడు సూరాచారి. కుశలుడు తల ఊపేవాడు. తల ఊపడానికేముంది, ఇప్పుడు మీరూ ఊపుతున్నారు.

ఇలా ఉండగా ఒకనాడు కుంభీరుడనే మాంత్రికుడు సభకొచ్చాడు. జానెడు మనిషి, మూరెడు టోపీ. "రాజా, రేపు మధ్యాహ్నం నీ సూర్యుణ్ణి మింగేస్తాను" అన్నాడు. సభంతా నవ్వింది. మర్నాడు మధ్యాహ్నం నిజంగానే చీకటి కమ్మింది. పిట్టలు గూళ్ళకి చేరాయి. ఆవులు కొట్టాలకి తిరిగొచ్చాయి. నవ్వినవాళ్ళే గుండెలు బాదుకున్నారు. కుంభీరుడు పొట్ట నిమురుకుని, "పోనీలే పాపం" అని సూర్యుణ్ణి వదిలిపెట్టాడు.

"ఈసారి మింగితే వదలను. మళ్ళీ నేనొచ్చినప్పుడు నీ కూతురు వైజయంతిని నాకిచ్చి పెళ్ళి చెయ్యి. లేదంటే అందరూ జన్మంతా చీకట్లో బతకండి" అని చెప్పి మాయమైపోయాడు.

ఆ రోజుల్లో పంచాంగాలు లేవు. గ్రహణం అన్న మాట ఎవరూ వినలేదు. రాజుకి అన్నం సయించలేదు. వైజయంతి మాత్రం ఏడవలేదు. "నా ఒక్కదాని కోసం ఇంతమంది చీకట్లో ఉండడమెందుకు నాన్నా, నేను వెళ్తాను" అంది. ఆ మాట విని రాజు ఏడ్చాడు.

మాంత్రికుడనగానే వాడి ప్రాణం చిలకలో ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. ఏడు సముద్రాల అవతల కుంభీరుడి దీవి ఉందని, దీవిలో చిలక ఉందని ఎవరో చెప్పారు. రణధీరుడు కత్తి తీసుకుని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. రణశూరుడు గుర్రాన్ని కూడా ఎక్కించుకుని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. అప్పుడు కుశలుడు ఒక ఆకురాయి, ఒక చిన్న సుత్తి, నాలుగు రాగి, ఇత్తడి ముక్కలు సంచిలో వేసుకున్నాడు.

"కత్తయినా తీసుకెళ్ళరా" అంది రాణి.

"కత్తి తిప్పడం నాకు రాదమ్మా. వచ్చింది పట్టుకెళ్తున్నాను" అన్నాడు కుశలుడు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు ఇసుకలో పడి మూలుగుతోంది. ఓడ తగిలి దాని డిప్ప నిలువునా చీలింది. కుశలుడు సంచి దించాడు. చీలికకి అటూ ఇటూ సన్నటి బెజ్జాలు పెట్టి, రాగి ముక్కలతో బొంత కుట్టినట్టు కుట్టాడు. తాబేలు కాళ్ళు కదిపి చూసుకుంది.

"నొప్పి పోయింది నాయనా. ఎక్కడికి ప్రయాణం?"

"ఏడు సముద్రాల అవతలికి."

"ఎక్కు మరి. నేల మీద నన్ను చూసి అందరూ నవ్వుతారు గానీ, నీళ్ళలో నా సంగతి నీకు తెలీదు" అంది తాబేలు.

ఉప్పు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు, తేనె సముద్రం దాటారు. తేనె సముద్రంలో మాత్రం కాస్త ఆలస్యమైంది, కాళ్ళు అంటుకుని. అలా ఏడూ దాటి దీవికి చేరారు. ఒడ్డున రెండు రాతి బొమ్మలున్నాయి. ఒకటి కత్తితో, ఒకటి గుర్రంతో. కుశలుడు వెళ్ళి అన్నల రాతి చేతులు పట్టుకున్నాడు. పైన కొమ్మ మీద ఒక చిలక ఉంది.

"అక్కడే ఆగు. నా మెడ జోలికి రాకు" అంది చిలక.

"రాను చిలకమ్మా."

"అందరూ అలాగే అంటారు. మీ అన్నలు ఇద్దరూ వస్తూనే నా మెడ పట్టుకున్నారు. నేను అరిచాను. వాడొచ్చి ఇద్దర్నీ రాళ్ళు చేశాడు."

"మరి వాడి ప్రాణం నీలో లేదా?"

"నాలో ఉన్నది నా ప్రాణం. అది నాకే చాలడం లేదు. వాడి బలమంతా జనం భయంలో ఉంది. జనం వాణ్ణి చూసి వణికినన్నాళ్ళే వాడి మంత్రం పారుతుంది. సూర్యుణ్ణి వాడు మింగలేదు. సూర్యుడు ఎప్పుడు మరుగవుతాడో వాడికి ముందే తెలుసు, అంతే. లోపలికి పద, చూపిస్తాను."

లోపల ఒక అమ్మాయి ఒక చెక్కపెట్టె ముందు దిగులుగా కూర్చుని ఉంది. పేరు ఇరీన. యవన దేశపు పిల్ల. ఆ పెట్టె చేసింది వాళ్ళ నాన్న. కుంభీరుడు పెట్టెతో పాటు తండ్రినీ కూతుర్నీ ఎత్తుకొచ్చేశాడు. తండ్రి బెంగతో దీవిలోనే పోయాడు.

ఇక ఆ పెట్టె సంగతి చెప్తాను, జాగ్రత్తగా వినండి. ముందువైపు ఇత్తడి పళ్ళెం. దాని మీద సూర్యుడికి ఒక బంగారు పూస, చంద్రుడికి ఒక వెండి పూస. పక్కన ఒక పిడి. పిడి తిప్పితే రోజులు నడుస్తాయి, పూసలు తిరుగుతాయి. చంద్రుడు సరిగ్గా సూర్యుడికి అడ్డం వచ్చే రోజు, వేళ, వెనక ఉన్న ముల్లు చూపిస్తుంది. లోపలంతా పళ్ళ చక్రాలు. ఒకటి కదిలితే ఒకటి కదులుతుంది. పళ్ళు బియ్యపు గింజలంత ఉన్నాయి, అన్నీ చేత్తో కోసినవే. కుశలుడు పెట్టె తలుపు తీసి చూసి ఊపిరి పీల్చడం మర్చిపోయాడు. నేనైనా అంతే.

"మీ నాన్నగారిది ఎడమచేతి వాటం కదూ?" అన్నాడు చివరికి. "ఆకురాయి గీతలు అటు వాలాయి. ఈ పెద్ద చక్రం మీద గీతలు తడబడ్డాయి, కోసేటప్పుడు ఒంట్లో బాగున్నట్టు లేదు."

ఇరీన తలెత్తి చూసింది. "అప్పుడు ఆయనకి జ్వరం" అంది. ఎన్నాళ్ళకో తండ్రి గురించి మాట్లాడే మనిషి దొరికాడని ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ పొద్దున్నే కుంభీరుడు పిడిని మొరటుగా తిప్పి చక్రానికి ఒక పన్ను విరగ్గొట్టాడట. సాయంత్రానికి బాగుచెయ్యకపోతే ఇరీననీ రాయి చేస్తానన్నాడు. అతుకు వెయ్యడం ఆమెకి రాదు. కుశలుడు విరిగిన చోట చిన్న గాడి కోసి, కొత్త ఇత్తడి ముక్క బిగించి, పన్ను తీర్చాడు. ఇరీన నూనె తేవడానికి పక్క గదిలోకి వెళ్ళింది.

అప్పుడు వాడి కంట్లో పడింది. చంద్రుణ్ణి తిప్పే చోట రెండు చక్రాలున్నాయి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. పై చక్రం కాస్త పక్కకి జరిగి ఉంది. కింది చక్రానికి ఒక సీల, పై చక్రంలో ఒక గాడి. సీల గాడిలో ముందుకీ వెనక్కీ జారుతోంది. "జ్వరంలో చెయ్యి తప్పినట్టుంది పాపం" అనుకున్నాడు కుశలుడు. సూరాచారి మాట గుర్తుకు రాకపోలేదు. కానీ చేసినవాడు పోయాడు, ఎవర్ని అడగాలి? పక్క గదిలో నూనె పోస్తున్న కూతుర్ని అడగొచ్చని వాడికి తట్టలేదు. మాలాంటి పనివాళ్ళం చేసే తప్పే అది. వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పై చక్రాన్ని సరిగ్గా మధ్యకి జరిపి, రెండింటినీ కలిపి బిగించేశాడు. ఎంత నున్నగా తిరిగిందో.

ఇరీన వచ్చి పిడి తిప్పింది. వెండి పూస నడక చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం చేశావు?"

"వంకరగా ఉంటే సరిచేశాను."

"ఆ వంకరే చంద్రుడు. ఆకాశంలో ఆయన రోజూ ఒకేలా నడవడు. కొన్నాళ్ళు తొందరపడతాడు, కొన్నాళ్ళు బద్ధకిస్తాడు. ఆ నడక ఇత్తడిలోకి తేవడానికి మా నాన్న జీవితమంతా పట్టింది. కుంభీరుణ్ణి మోసం చెయ్యాలంటే ఆ ఒక్క చక్రం జరిపితే చాలని నాకెప్పుడో తెలుసు. నాన్న చేసినదాన్ని పాడుచేయడానికి నాకే చెయ్యి రాలేదు. నువ్వు ఒక్క క్షణంలో చేసేశావు."

కుశలుడికి తల కొట్టేసినట్టయింది. "నన్ను క్షమించు. ఇప్పుడే మళ్ళీ ఎలా ఉందో అలా చేస్తాను" అన్నాడు. ఇంతలో చిలక, "వాడొస్తున్నాడు" అంది. కుశలుడు బల్ల కిందికి దూరాడు.

కుంభీరుడు వచ్చి పిడి తిప్పాడు. మెత్తగా తిరిగేసరికి మురిసిపోయాడు. ముల్లు చూశాడు. "వచ్చే అమావాస్య, సూర్యోదయం వేళ. ఇప్పుడే బయల్దేరతాను. పెళ్ళికూతురికి చెప్పొద్దూ" అని తన మాయ చాప మీదెక్కి ఎగిరిపోయాడు.

బల్ల కింద నుంచి కుశలుడు బయటికొచ్చాడు. ఇరీన వాణ్ణే చూస్తోంది. ఆమె కోపం పూర్తిగా పోలేదు గానీ, పెదవుల మీదికి నవ్వొచ్చింది. "నువ్వు చేసిన తప్పు వాడికి తగిలింది" అంది.

ఇద్దరూ పెట్టె తీసుకుని తాబేలెక్కారు. చిలక పెట్టె మీద కూర్చుంది. దారిలో ఇరీన చెప్తుంటే కుశలుడు సీల మళ్ళీ గాడిలో పెట్టాడు, పై చక్రం మళ్ళీ పక్కకి జరిపాడు. ఎంత జరపాలో ప్రతిసారీ అడిగి జరిపాడు. పిడి తిప్పితే ముల్లు అదే అమావాస్య దగ్గర ఆగింది. సూర్యోదయం దగ్గర కాదు, పొద్దు వాలే వేళ దగ్గర.

అమావాస్య తెల్లవారింది. కోట ముందు జనం నిండిపోయారు. వైజయంతికి పెళ్ళిచీర కట్టారు. ముందురోజే ఇల్లు చేరిన కుశలుడు చెప్పిందంతా రాజు విన్నాడు, నమ్మాలనే ఉంది, కానీ ధైర్యం చాలడం లేదు. నిజం చెప్పాలంటే కుశలుడికీ భయంగానే ఉంది. చక్రం వెంట్రుకవాసి తప్పినా చెల్లెలు పోయినట్టే.

కుంభీరుడు చాప మీంచి దిగి, చేతులెత్తి మొదటిసారి మంత్రం చదివాడు. సూర్యుడు ఉదయించాడు. రెండోసారి గట్టిగా చదివాడు. సూర్యుడు తాడిచెట్టంత ఎక్కాడు. మూడోసారి గొంతు చించుకుని చదివాడు. ఎండ చురుక్కుమంది. జనంలో ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "మింగావా నాయనా? నాకింకా కనబడుతున్నాడే" అంది.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. వైజయంతి కూడా నవ్వింది. కుంభీరుడు రాళ్ళు చేసే మంత్రం చదవబోయాడు, నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. టోపీ జారి ముక్కు మీద పడింది. దీవిలో రెండు రాతి బొమ్మలు కళ్ళు నులుముకుని లేచాయి. గుర్రం సకిలించింది.

అప్పుడు కుశలుడు పెట్టె పైకెత్తి చూపించాడు. "ఇవాళ పొద్దు వాలే వేళ సూర్యుడు నిజంగానే మరుగవుతాడు. ఎవరూ మింగరు. చంద్రుడు దారిలో అడ్డం వస్తాడు, దాటిపోతాడు. భయపడకండి, చూడండి" అన్నాడు.

సూరాచారి కొట్లో ఉన్న పళ్ళేలన్నీ వీధిలోకి వచ్చాయి. వాటిలో పసుపునీళ్ళు పోసి, నీడ చూడడానికి చుట్టూ కూర్చున్నారు. పొద్దు వాలింది. ముల్లు చెప్పిన వేళకి, పళ్ళెంలో సూర్యుడి అంచు తరిగింది. చీకటి పడింది, పిట్టలు గూళ్ళకి చేరాయి. ఒక్కరు కూడా ఏడవలేదు. కాసేపటికి వెలుగు తిరిగొచ్చింది. ఇరీన పెట్టె మీద చెయ్యి వేసి, "నాన్నా, సరిగ్గా వచ్చింది" అంది.

కుంభీరుణ్ణి ఏం చెయ్యాలని రాజు అడిగాడు. తండ్రిని పోగొట్టుకుంది ఇరీన గనక, ఆమెనే చెప్పమన్నాడు. "పెట్టెకి పిడి తిప్పే మనిషి కావాలి. కోట గుమ్మంలో కూర్చుని రోజూ మెత్తగా తిప్పమనండి. ముల్లు ఏం చెప్తే అది అందరికీ చెప్పమనండి" అంది ఇరీన. వాడు బతికినంత కాలం ఆ పనే చేశాడు. చిలక పక్కన కూర్చుని, మొరటుగా తిప్పితే ముక్కుతో పొడిచేది.

తాబేలు వెళ్ళి అన్నలిద్దర్నీ తీసుకొచ్చింది. వాళ్ళు చిలకకి క్షమాపణ చెప్పుకున్నారు. రణధీరుడు రాజ్యం నాకొద్దన్నాడు, రణశూరుడు నాకూ వద్దన్నాడు. రాళ్ళై నిలబడ్డప్పుడు ఇద్దరికీ చాలా ఆలోచించే తీరిక దొరికిందిలెండి. అలా కుశలుడు రాజయ్యాడు. వైజయంతి తనకి నచ్చినవాణ్ణి, తనకి నచ్చినప్పుడు చేసుకుంది.

ఇక కుశలుడికీ ఇరీనకీ పెళ్ళి. పీటల మీద ఇరీన చేతిని కొడుకు చేతిలో పెట్టబోతూ రాణిగారు ఆగింది. ఆ పిల్ల గోళ్ళ కిందా అదే మసి. రాణి రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసి, కలిపేసింది.

వాళ్ళు చాలాకాలం చల్లగా ఏలారు. ఎవరి పనిలోనైనా వంకర కనిపిస్తే కుశలుడు ముందు అడిగేవాడు, ఆ తర్వాతే ఆకురాయి తీసేవాడు. కథ పెట్టెలోకి వెళ్ళిపోయింది, మీరు మీ పక్కల్లోకి వెళ్ళండి. వెళ్తూ ఆ ఇత్తడి పొడి దులుపుకోండి.