బొజ్జ నిండిన పిల్ల

"నియమం తప్పనివాడికి పాపం ఎలా అంటుకుంటుంది స్వామీ?" అని శేషశయనం అడిగాడు. ఆ గొంతులో సందేహం కన్నా పౌరుషమే ఎక్కువ. ఆశ్రమ గురువు పరాంకుశస్వామికి వాదించే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని, "పద, ఆసుపత్రికి వెళ్లొద్దాం" అన్నారు. మొన్న ఆశ్రమం నుంచి మోసుకెళ్లిన పిల్ల అక్కడే ఉంది.

ఏటి అవతలి ఆశ్రమంలో వంటశాల పెత్తనం శేషశయనానిది. నైవేద్యం కాకుండా ఒక్క మెతుకు బయటికి రానివ్వడు. నియమమంటే అతనికి ప్రాణం. ఎవరి ప్రాణమో ఎవరూ అడగలేదు. మొన్న ఆరాధన నాడు ఎవరో పెద్దమనిషి వస్తాడని నైవేద్యం పొద్దెక్కేదాకా ఆపారు. అప్పుడే నూకరత్నం అనే ఆమె చిన్న కూతుర్ని చంకనేసుకుని వంటశాల గుమ్మంలోకి వచ్చింది.

"సామీ, దీనికి పట్టే పిండినీళ్లు పడవలో ఒలికిపోనాయి. ఏలకి కడుపులో ఏదోటి పడకపోతే తెలివి తప్పిపోతాది. గుప్పెడన్నం ఎట్టండి బాబూ."

పిల్లకి బూరెబుగ్గలు, ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జ. శేషశయనం నవ్వాడు. "ఈ బొజ్జకి ఆకలేమిటమ్మా! ముందు దేవుడు తినాలి, తర్వాతే మనం" అని తలుపుకి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. హారతి గంట మోగేసరికి పిల్ల కళ్లు తేలేసి కొట్టుకుంటోంది.

వాళ్లు వెళ్లేసరికి ఆసుపత్రిలో తల్లి "అమ్మా, నేనే" అని పిలుస్తూనే ఉంది. పిల్ల చూపు ఆమెను దాటి గోడ మీదికి పోతోంది. ప్రాణం దక్కింది గానీ మెదడు దెబ్బతిన్నదని డాక్టరమ్మ చెప్పింది.

"అంత బొజ్జ ఉంది కదండీ" అన్నాడు శేషశయనం.

"అది అన్నం కాదండి, కాలేయం. తిన్నదాంట్లో మిగిలిన చక్కెరని అది దాచిపెట్టి, తిండి లేనప్పుడు రక్తంలోకి వదలాలి. అలా వదలడానికి కావలసిన ఎంజైము ఈ పిల్లకి పుట్టుకతోనే లేదు. లోపల నిల్వ పేరుకుపోయి కాలేయం ఉబ్బింది. వేళకి తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది."

నూకరత్నం అతన్ని తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. "దేవుడు తినేసినాడా సామీ?" అని మాత్రం అడిగింది.

తిరుగు పడవలో శేషశయనం వెక్కి వెక్కి ఏడ్చాడు. "లోపల అంత పెట్టుకుని ఆకలితో మాడిపోయిందా స్వామీ ఆ పిల్ల!"

స్వామి అతని మొల వైపు చూశారు. తాళంచెవి ఇంకా అక్కడే ఉంది.

"దానికి తెరిచేది పుట్టుకతోనే లేదు నాయనా" అన్నారు.