ఇంజను చల్లారేదాకా

లారీలో నీళ్లు మాయమవుతున్నాయి. ఎటు పోతున్నాయో ఓబులేసుకు అంతుచిక్కడం లేదు.

ఆత్మకూరు దాటి నల్లమల ఘాటు వైపు పోయే రోడ్డు మీద దస్తగిరి ఉస్తాద్ షెడ్డు ఉంది. ఓబులేసు అక్కడే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, షెడ్డులో సగం పని అతని చేతి మీదే నడుస్తుంది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. బండి లోపలికి వస్తుండగానే శబ్దం విని దాని జబ్బేమిటో చెప్పేసేవాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా.

ఈ లారీ మద్దిలేటిది. అంటే మద్దిలేటి దాని డ్రైవరు. బేతంచెర్ల బండలు వేసుకుని ఘాటు మీదుగా దోర్నాల వైపు తిరుగుతుంటాడు. ఈమధ్య ఘాటు ఎక్కేసరికల్లా హీటు ముల్లు ఎర్రగీత దాటుతోంది. ఆపి మూత తీస్తే రేడియేటరులో నీళ్లు సగానికి పడిపోయి ఉంటున్నాయి.

"మొన్న అడవి నడిమధ్యలో ఆగిపోయినా అన్నా," అన్నాడు మద్దిలేటి. "మనిషి అలికిడి లేదు, ఫోను పలకదు. నేను తాగేకి తెచ్చుకున్న నీళ్లు కూడా దానికే పోసేసినా."

ఓబులేసు ఆ పొద్దున్నే ఇంజను మొత్తం నీళ్లు కొట్టి శుభ్రంగా కడిగాడు. బండిని ఘాటు మొదటి మలుపు దాకా తోలి, మళ్లీ షెడ్డుకు తెచ్చి, ఇంజను ఆపకుండా అన్నీ చూశాడు. రేడియేటరు బాగుంది. మూత బాగుంది. హోస్ పైపులు ఒక్కొక్కటే గుడ్డతో పట్టుకుని కదిపి చూశాడు, బిగుతుగానే ఉన్నాయి. కింద అట్టముక్క పరిచాడు. దాని మీద ఒక్క చుక్క పడలేదు.

చేతులు దులుపుకుని చెప్పేశాడు.

"ఇంజనే తాగేస్తా ఉంది. లోపల గ్యాస్‌కెట్ పోయింది. హెడ్డు దించాల్సిందే."

ఇంజను పైభాగం విప్పి హెడ్డు దించితే బండి ఎన్నాళ్లు షెడ్డులో పడుంటుందో మద్దిలేటికి తెలుసు. అన్నాళ్లు ఓనరు ఆగడు, ఇంకో బండి పెట్టుకుంటాడు. అతను ఓబులేసును దాటి, వెనక బల్ల దగ్గర బేరింగులు కడుగుతున్న ఉస్తాద్ వైపు చూశాడు.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"పొగ తెల్లగా వస్తా ఉందా?"

"లేదు ఉస్తాద్."

"ఆయిల్లో నీళ్లు కలిసినాయా?"

"చూసినా. శుభ్రంగా ఉంది."

"మరి తాగిందని ఎట్ల చెప్తివి?"

"ఇంక యాడికి పోతాయి ఉస్తాద్? కింద పడలేదు, పైన పోలేదు. లోపలికే పోవాల కదా!"

ఉస్తాద్ వంగి ఇంజను చూశాడు. కొత్తదానిలా మెరుస్తోంది.

"కడిగినావా?"

"పొద్దున్నే కడిగినా," అన్నాడు ఓబులేసు, మెచ్చుకుంటాడేమోనని.

"మూతి తుడిచేసి ఏం తిన్నావని అడిగితే ఏం చెప్తుందిరా పాపం!"

ఓబులేసుకు ఆ మాట అర్థం కాలేదు. ఉస్తాద్ అప్పటికే ఇంజను ఆపమని మద్దిలేటికి సైగ చేశాడు. చెక్క బెంచీ ఒకటి లాక్కొచ్చి లారీ పక్కన వేసి కూర్చున్నాడు.

"కూర్చో."

"ఏం చేయాల ఉస్తాద్?"

"చూడు."

ఓబులేసు కూర్చున్నాడు. క్యాబిన్ ముందుకు వంచి ఉంది, ఇంజను ఎదురుగానే ఉంది. ఆపేసిన ఇంజనులో చూసేదేముంటుంది? ఊపిరి లేనిదాన్ని పట్టుకుని నాడి చూడమన్నట్టుంది. అతని మోకాలు ఆగకుండా ఊగుతోంది. బయట బస్సులు పోతున్నాయి. ఇంకో బండివాడు వచ్చి హారన్ కొట్టాడు. లేవబోతే ఉస్తాద్ భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

ఇనుము చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. ఇన్నేళ్లలో ఓబులేసు ఆ చప్పుడు ఎన్నడూ విని ఉండలేదు. ఇంజను ఆగిందంటే అతను ఇంకో బండి కింద ఉండేవాడు. ఆ టిక్కులు మొదట దగ్గరదగ్గరగా వచ్చాయి, తర్వాత ఎడం పెరిగింది. ఏది ముందు చల్లారుతుంది, ఏది తర్వాత అని అతనికి తెలియకుండానే లెక్క కట్టడం మొదలుపెట్టాడు. మోకాలు ఎప్పుడు ఆగిందో తెలియదు.

చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, కింది హోస్ పైపు ఇంజనుకు కలిసే చోట, దాన్ని బిగించే క్లిప్పు అంచున ఏదో మెరిసింది.

ఓబులేసు ముందుకు వంగాడు.

రేడియేటరు నీళ్లలో కలిపే పచ్చని కూలెంట్ చుక్క. ఆవగింజంత ఉన్నది నెమ్మదిగా లావెక్కింది. పైపు పొట్ట కిందికి జారి, వేలాడి, కింద ఉన్న చాసిస్ దూలం మీది దుమ్ములో పడింది. పడీ పడగానే ఇంకిపోయింది. నేల దాకా రాలేదు. కాసేపటికి ఇంకో చుక్క.

"ఓయబ్బా!" అన్నాడు మద్దిలేటి వెనక నుంచి.

ఓబులేసు వేలితో ఆ చుక్కను అందుకుని చూశాడు. వేడి మీద రబ్బరు ఉబ్బి ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. చల్లారితే ముడుచుకుని సందు ఇస్తుంది. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు కారినది, పొద్దున ఇంజను వేడెక్కగానే ఆవిరైపోయి, ఇనుము మీద తెల్లచార మిగిలి ఉంటుంది. ఆ చారను తనే పొద్దున కడిగేశాడు.

స్క్రూడ్రైవర్ తీసుకుని క్లిప్పు మీద పెట్టాడు. ఉస్తాద్ అతని మణికట్టు పట్టుకుని ఆపాడు. ఓబులేసు ఒక క్షణం ఆలోచించి, బిగించాల్సిన మర వదులు చేశాడు. కింద బక్కెట్టు పెట్టి నీళ్లు దించి, పైపు ఊడదీశాడు.

అప్పుడు కనబడింది. పైపు జారిపోకుండా ఇనుప మూతికి చుట్టూ చిన్న గట్టు ఉంటుంది. క్లిప్పు ఆ గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి. ఇది గట్టు మీదే కూర్చుంది. ఇంకెంత బిగించినా రబ్బరు తెగేదే గానీ చుక్క ఆగేది కాదు.

ఓబులేసు ఇనుప మూతికి పట్టిన తుప్పు గీకి తుడిచాడు. గట్టిపడిన పైపు చివర కోసేసి, గట్టు దాటేలా లోపలిదాకా తోశాడు. కొత్త క్లిప్పు తెచ్చి దాని చోట కూర్చోబెట్టి బిగించాడు. కూలెంట్ పోసి, బండిని ఘాటు మలుపుల దాకా తోలుకొని వచ్చి ఆపాడు.

"పోవచ్చునా అన్నా?" అన్నాడు మద్దిలేటి. చీకటి పడితే అడవి గేటు మూసేస్తారని అతని తొందర. ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ ఓబులేసు వైపు చూశాడు.

"ఇంకా తెలీదన్నా," అన్నాడు ఓబులేసు. వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

ఇంజను చల్లారింది. క్లిప్పు చుట్టూ వేలు తిప్పాడు. పొడి. మర ఇంకొక్క పిసరు తిప్పి, క్యాబిన్ దించాడు. వెలుతురు ఉండగానే లారీ బండలతో ఘాటెక్కింది.

మర్నాడు దోర్నాల నుంచి మద్దిలేటి ఫోను. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున మూత తీసి చూశాడట. నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయట.

ఓబులేసు ఫోను జేబులో పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఆ క్లిప్పు ఎవడు బిగించినాడో గానీ ఉస్తాద్, గట్టు మీద పెట్టి వదిలేసినాడు."

"నేనే," అన్నాడు ఉస్తాద్. "పోయిన ఎండాకాలం. నువ్వు మీ ఊరు పోయుంటివి."

ఓబులేసు మెల్లగా అడిగాడు.

"మరి... బిగించినాక చూసుకోలేదా ఉస్తాద్?"

ఉస్తాద్ ఒక బేరింగు ఎత్తి, వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు.

"చూసుకున్నా," అన్నాడు. "వేడి మీద చూసుకున్నా."