కునుకు శాసనం

మధ్యాహ్నం కునుకు చెడుతోందని, "ఇకమీదట ఊళ్లో డప్పు మోగితే కొరడా దెబ్బలే" అని శాసనం రాయించాడు ముసలిరాజు. దాన్ని ఊరంతా చాటమని దండోరా వేసే ఓబన్న చేతికే ఇచ్చాడు. డప్పే అతని కూడు.

"ప్రభూ, డప్పు కొట్టి చాటనిదే ఏ శాసనమూ చెల్లదు కదా?"

"చెల్లదు. తాతలనాటి కట్టడి."

"అయితే చాటుతాను. కానీ రేపు తమరు కొత్త శాసనం చేస్తే చాటేందుకు డప్పుండదు. దీన్ని రద్దు చేద్దామన్నా కుదరదు. ఇదే తమరి ఆఖరి శాసనం. చాటమంటారా?"

రాజు ఉలిక్కిపడి, తాటాకు లాక్కుని ముక్కలు చేశాడు. "పోరా గడుగ్గాయీ!" అని నవ్వాడు.

ఆనాటి నుంచి రాజుగారు నిద్ర లేచేదాకా కోటవీధిలో ఓబన్న డప్పు మోగలేదు. అందుకు ఏ శాసనమూ అక్కర్లేకపోయింది.