పైలోకానికి మంగలి

నైలు నది ఒడ్డున ఖెనుహోర్ అనే ధాన్యాధికారి ఉండేవాడు. ఎంతటి ధర్మాత్ముడంటే, సొంత గాదెలు నిండాక మిగిలింది రాజుగారికి తప్పకుండా పంపేవాడు. ఒకనాడు తల గొరిగించుకుంటూ తన మంగలి ఇపీతో అన్నాడు: "ఒరేయ్, పైలోకంలోనూ నా గుండు మెరవాలి. నేను పోయిన రోజే నిన్నూ నా సమాధిలో పెట్టి మూసెయ్యమని చెప్పేశాను."

ఇపీ కత్తి ఆపలేదు. "అంతకంటే భాగ్యమా దొరా! కాకపోతే అక్కడ నలభై ఇద్దరు దేవతల ముందు 'నేను దొంగతనం చెయ్యలేదు, ఎవరినీ ఏడిపించలేదు' అని తమరు చెప్పాలి కదా. పక్కనే ఉంటాను గనక నన్నూ అడుగుతారు. దేవతలు గుండెను ఈకతో తూస్తారట. అబద్ధమాడితే నా గుండె బరువు తూగి, మొసలి మూతి భూతం నోట్లో పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ గుండు దగ్గర నిలబడి అన్నీ విన్నవాణ్ణి. ఒక్కటీ మర్చిపోకుండా చెబుతాను లెండి."

దొర సగం గొరిగిన తలతోనే లేచి కుమ్మరిని పిలిపించాడు.

"నా సమాధిలోకి మట్టి నౌకర్లు కావాలి. చేతులు బాగా చెయ్యి. నోరు మాత్రం పెట్టకు."