నక్క కట్టిన అడ్డుకట్ట

చలి తగ్గి గాలి వేడెక్కుతున్న రోజులు. ఎర్రగుట్ట వాలులో ఎగువ మడి నక్క గురవయ్యది, దిగువ మడి ముళ్ళపంది నాంచారమ్మది. గురవయ్య దోస గింజలు పెట్టాడు. నాంచారమ్మ బీర, చిలగడదుంప వేసింది. ఎండాకాలమంతా ఆమె పిల్లలకు అదే తిండి. గుట్ట మీద పడిన వాన ఒక సన్న కాలువలో దిగి ముందు ఎగువ మడిని, తర్వాత దిగువ మడిని తడిపేది. ఈ కాలంలో ఒక వాన పడితే మళ్లీ ఎప్పటికో!

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. గురవయ్య గబగబా రాళ్లూ మట్టీ తెచ్చి, తన మడి కింది అంచున కాలువకు అడ్డంగా కట్ట వేసేశాడు.

"అదేంటన్నా, కాలువ మూసేశావు?" అంది నాంచారమ్మ.

"నీ మంచికే చెల్లెమ్మా! వాన గట్టిగా కొడితే నీ లేత మొలకలు కొట్టుకుపోవూ? ఆ బరువేదో నేనే మోస్తాలే."

"మరి మాకు నీళ్లో?"

"నీ మడి మీద కురవనని వాన ఒట్టు పెట్టుకుందా?" అంటూ గురవయ్య తోక ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

నాంచారమ్మకు కడుపు మండిపోయింది. పోట్లాడుతూ కూర్చుంటే వాన ఆగదు. ప్రతి పాదు చుట్టూ పళ్లెంలా గుంత తవ్వింది. ఎండుటాకులు పరిచింది. చినుకు పడినచోటే ఇంకాలని వాలుకు అడ్డంగా చిన్న చిన్న గట్లు వేసింది.

వాన రానే వచ్చింది. తెల్లారేసరికి ఎగువ మడి చెరువైపోయింది. దోస మొలకలు నీళ్లలో తేలుతున్నాయి. గురవయ్య కంగారుగా కట్టను తన్నబోయాడు.

"ఆగన్నా!" నాంచారమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఒక్కసారిగా వదిలావంటే నా పిల్లల తిండి మొత్తం కొట్టుకుపోతుంది."

"ఇక్కడ నా దోస కుళ్లిపోతోందే!"

"కాస్త ఓపిక పట్టు. పక్క నుంచి దారి చేస్తాను."

ఆమె ఎగువ మడి పక్క నుంచి వంకరటింకరగా కాలువ తవ్వింది. నీళ్లు మట్టిని కోయకుండా మెల్లగా దిగువ గుంతల్లోకి పాకాయి. మిగిలినవి పొదల్లోకి పోయాయి. కానీ అప్పటికే దోస మొలకలు చచ్చిపోయాయి. మళ్లీ వేద్దామంటే గురవయ్య దగ్గర గింజలు లేవు. బురదలోనే కూలబడ్డాడు.

నాంచారమ్మ తన మడిలో ఒత్తుగా మొలిచిన బీర మొక్కలు కొన్ని, మట్టిగడ్డతో సహా తీసుకొచ్చింది.

"ఇవి పాతుకో అన్నా. ఎండలు ముదరకముందే వేరు పట్టాలి."

గురవయ్య తలెత్తలేదు. "కట్ట ఎందుకు వేశానో నీకు తెలుసు గదా. తెలిసీ ఇస్తున్నావా?"

"తెలిసే ఇస్తున్నా. రేపు నీకు ఆకలేస్తే వచ్చేది నా మడి మీదికేగా!"

గురవయ్యకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి. లేచి, తను పేర్చిన రాళ్లను తనే ఒక్కొక్కటిగా తీయసాగాడు.

పొరుగువాడి వాటా కూడా ఆపుకుంటే ఆ నీళ్లు ముందు మన మొక్కనే ముంచుతాయి.